గడ్డికీ కులముంది: లాన్లు, కలుపు మొక్కలు, మన ఆడోళ్ల చేతులు

మే నెలలో, యాసంగి వరికోతలు అయిపోయి, చెలకలన్నీ తెల్లబారి, రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజుల్లో కూడా కొన్ని చోట్ల నేల పచ్చగా కనిపిస్తది. అది చెరువు కింది నేల కాదు. ఆఫీసర్ల బంగ్లాల ముందు, గెస్ట్ హౌస్‌ల ముందు, ప్రభుత్వ కార్యాలయాల ముందు పరిచిన లాను. దాని మీద పంట పండదు. దాని మీద బర్రె మేయదు. చాలా చోట్ల మనిషి కూడా నడవకూడదు. నడవకూడదని బోర్డు ఉంటది. మరి రోజూ నీళ్లు పోసి, మనుషులను పెట్టి, డబ్బు పెట్టి ఈ గడ్డిని ఎందుకు సాకుతున్నట్టు? ఇది తోటమాలి ప్రశ్న కాదు. ఇది భూమి ప్రశ్న, నీటి ప్రశ్న, శ్రమ ప్రశ్న. అంటే ఈ దేశంలో కులం ప్రశ్న.

ఈ మధ్య పర్యావరణ ప్రేమికులు కొందరు లాన్లు తీసేయాలంటున్నారు. వాటి స్థానంలో కరువుకు తట్టుకునే స్థానిక మొక్కలను, నేలను అంటుకొని పాకే మొక్కలను పెంచాలంటున్నారు. ఈ మాట తప్పు కాదు. కానీ సగం మాట. మొక్కను మార్చి మనుషుల మధ్య సంబంధాన్ని అట్లనే ఉంచే సంస్కరణలను మనం చాలా చూసినం. పేరు మార్చి హరిజనులన్నారు, వాడ వాడగానే ఉంది. అందుకే ఈ సగం మాటను విమర్శకు పెట్టి, మిగతా సగం ఏమిటో తేల్చుకోవాలి.

ముందు లాను పుట్టుక చూద్దాం. పొట్టిగా కత్తిరించిన పచ్చిక మైదానం 18వ శతాబ్దంలో ఇంగ్లండు భూస్వాముల కోటల ముందు పెరిగిన ఫ్యాషన్. అప్పటికి గడ్డికోత యంత్రం లేదు. గొర్రెలన్నా మేయాలి, కూలీలన్నా కొడవళ్లతో కోయాలి. ఎడ్విన్ బడ్డింగ్ అనే ఇంగ్లీషు మెకానిక్ యంత్రాన్ని తయారు చేసింది 1830లో. అంటే అంతకు ముందు లాను ఉందంటే, దాని వెనక జీతగాళ్ల మంద ఉందని అర్థం. 'నాకున్న భూమిలో ఇంత భాగాన్ని ఏమీ పండించకుండా ఊరికే పెట్టుకోగలను' అని చెప్పే ప్రకటన అది. అమెరికన్ ఆర్థికవేత్త థోర్‌స్టీన్ వెబ్లెన్ 1899లో రాసిన 'విలాసవర్గ సిద్ధాంతం' పుస్తకంలో ఈ గుట్టును బయట పెట్టాడు. లాను నిజానికి పశువుల బీడులాంటిదే, కానీ అందులో ఆవును మేయనిస్తే పొదుపు గుర్తుకొస్తది, ఉపయోగం గుర్తుకొస్తది, అది పెద్దమనుషులకు నామోషీ. అందుకే ఆవుకు బదులు జింకలాంటి, ఎవరికీ పనికిరాని అందమైన జంతువును తెచ్చి పెట్టుకుంటారని ఆయన ఎత్తిపొడిచాడు. కరీంనగర్‌లో లోయర్ మానేరు డ్యాం దగ్గర జింకల పార్కు ఉంది. పిల్లలు చూసి సంతోషపడతరు, దానికి నాకు అభ్యంతరం లేదు. కానీ జింకకు కంచె వేసి మేత పెట్టే సమాజం, మాదిగోళ్ల మేకకు గైరాను మిగల్చలేదెందుకు అని అడిగే హక్కు మనకుంది.

ఇంగ్లీషువాడు దీన్ని కంటోన్మెంట్లకు, సివిల్ లైన్లకు తెచ్చాడు. ఆయన పోయినంక బంగ్లా ఉంది, బంగ్లా ముందు లాను ఉంది, లానులో కూర్చునే మనిషి మారాడు, అంతే. ఉత్తర తెలంగాణలో ఈ వారసత్వాన్ని ఎక్కువగా మోసినవి పరిశ్రమల టౌన్‌షిప్పులు. 1978లో రామగుండంలో ఎన్‌టీపీసీకి పునాదిరాయి పడింది. అంతకు చాలా ముందు నుంచే బెల్లంపల్లి, మందమర్రిలో, ఆ తర్వాత గోదావరిఖనిలో సింగరేణి బొగ్గు ఊళ్లు పెరిగినయి. పాత బొగ్గు ఊళ్లలో తిరిగి చూసినోళ్లకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. బంగ్లాల ఏరియా ఒక దిక్కు, కార్మికుల క్వార్టర్లు ఒక దిక్కు, కాంట్రాక్టు కూలీల గుడిసెలు ఇంకా అవతల. ఊరు, వాడ అనే పాత నక్షకు సిమెంటు పూసినట్టు ఉంటది. 2016లో జిల్లాలను ముక్కలు చేసినంక పెద్దపల్లి, జగిత్యాల, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్‌లలో కొత్త కలెక్టరేట్లు వచ్చినయి. ప్రభుత్వ భవనం అంటేనే ముందొక గడ్డి చాప పరచాలన్న అలవాటు మాత్రం పాతదే. నక్ష గీసేవాళ్ల బుర్రలో ఇంకా బంగ్లానే ఉంది.

ఇక నీళ్ల లెక్క. ఎండాకాలంలో మన దగ్గర గడ్డి పచ్చగా ఉండాలంటే రోజుకు కనీసం 5 మిల్లీమీటర్ల తడి కావాలి. అంటే చదరపు మీటరుకు 5 లీటర్లు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. ఎకరం లానుకు రోజుకు 20 వేల లీటర్లు. పల్లెల్లో మనిషికి రోజుకు 40 లీటర్ల తాగునీరు ఇస్తే చాలని ఈ దేశంలో చాలా ఏళ్లు సర్కారే లెక్క గట్టింది. ఆ లెక్కన ఒక ఎకరం గడ్డి 500 మంది మనుషుల నీళ్లు తాగుతది. జల్ జీవన్ మిషన్ వచ్చినంక 2019లో ఆ లెక్క 55 లీటర్లయింది. మిషన్ భగీరథ ఊళ్లకు 100 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. ఆ పెద్ద లెక్క తీసుకున్నా ఎకరం గడ్డి 200 మందితో సమానం. లానుకు నీళ్లు అందకపోతే ఆఫీసర్ ఫోన్ చేస్తడు, ట్యాంకరు వస్తది. దళితవాడ నల్లా బందయితే ఎవరు ఫోన్ చేయాలి?

నీళ్ల గురించి మాట్లాడేటప్పుడు దళితులు కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదు. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ చౌదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగింది దాహమై కాదు, నీరు ఎవరిదో తేల్చడానికి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిన ఊచకోత మొదలైంది కూడా మాదిగలు తాగే చెరువు దగ్గర బర్రెల కుడితి బకెట్లు కడిగిన కాడనే. ఇప్పుడు గొడవ చెరువు గట్టు మీద జరగకుండా పైపులో జరుగుతున్నది. ఎల్లంపల్లి శ్రీపాద ప్రాజెక్టు పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మధ్య గోదావరి మీద ఉంది. అది కట్టినప్పుడు రెండు ఒడ్ల ఊళ్లు మునిగినయి. 2015 చివరి నుంచి ఆ నీళ్లు 180 కిలోమీటర్లకు పైగా పైపుల్లో హైదరాబాదుకు పోతున్నయి. తాగడానికి పోతే కాదనేవాళ్లు లేరు. కానీ పట్నం నల్లాలో పడ్డ నీళ్లలో ఎన్ని గొంతులోకి పోతున్నయి, ఎన్ని గడ్డిలోకి పోతున్నయి? మునిగిన ఊరి మనిషికి ఈ లెక్క అడిగే హక్కు లేదా?

శ్రమ సంగతి చూద్దాం. లాను తనంతట తాను లానుగా ఉండదు. వారం వదిలేస్తే అందులో తుంగ మొలుస్తది, గలిజేరు పాకుతది, ఉత్తరేణి లేస్తది. వాటిని ఏరి పారేయడానికి రోజంతా గొంతుక్కూర్చొని, ఎండకు కొంగు తల మీద వేసుకొని, అంగుళం అంగుళం జరుగుతూ పోయే ఆడవాళ్లు కావాలి. వాళ్లు ఎవరు? కాంట్రాక్టరు మస్టరులో పేర్లు చూడండి, ఏ వాడ నుంచి వస్తున్నారో అడగండి. ఊర్లో దొర పొలంలో కలుపు తీసిన చేతులే ఇక్కడ లానులో కలుపు తీస్తున్నయి. మధ్యల దొరకు బదులు ఏజెన్సీ వచ్చింది. పొలంలో కలుపు తీస్తే ఒక్క లాభమన్నా ఉండేది: పీకిన దాంట్లో తినే ఆకు ఉంటే కొంగులో కట్టుకొని ఇంటికి తెచ్చుకునేవాళ్లు. మా ఇంట్ల నాకంటే ముందు యూనివర్సిటీ గేటు దాటినోళ్లు లేరు. వానకాలం చాలా రాత్రులు మేం తిన్న కూర మా అమ్మ కూలీ దగ్గర పీకిన కలుపే. గంగవాయిలి, తుమ్మి, చెంచలి, పొన్నగంటి. కలుపు అనే మాటను మొదటిసారి వ్యవసాయ పాఠంలో శత్రువుగా చదివినప్పుడు, మా కంచంలో ఉన్నది శత్రువా అని అనుమానమొచ్చింది. ఆ తర్వాత నేను చదివిన ఒక విద్యాసంస్థలో, పేరు అక్కర్లేదు, లాను అంచున కూర్చొని సద్ది తింటున్న కలుపు కూలీలను అక్కడ కూర్చోవద్దని లేపేయడం చూసిన. గడ్డిని శుభ్రం చేసిన మనిషి కూర్చుంటే గడ్డి మైలపడిపోతదన్న మాట. గుడి కట్టినోడు గుడి బయట ఉన్నట్టు, ఇది మనకు తెలిసిన కథే.

భాష దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మనిషి నాటనిదాన్ని, అమ్మకానికి పనికిరానిదాన్ని తెలుగు 'పిచ్చి మొక్క' అంటది. పొలంలో మొలిస్తే 'కలుపు' అంటది. భాషాశాస్త్రం ప్రకారం ఈ మాట తమిళంలోని 'కళై', కన్నడంలోని 'కళె'లకు చుట్టం, కలపడం అనే క్రియకు దూరం. కానీ తెలుగు చెవికి రెండూ ఒక్క తీరుగనే వినిపిస్తయి. కలిసినదే కలుపు. ఒక్క జాతి గడ్డి మధ్యలో ఇంకో జాతి కలిస్తే సహించలేని ఈ లాను సౌందర్యానికీ, కులం కలిస్తే సహించలేని సమాజానికీ పోలిక నేను బలవంతంగా తెస్తున్నది కాదు. రెండింటిలోనూ అందం అంటే ఒక్క తీరుగ ఉండుడు, శుభ్రం అంటే వేరేవాళ్లు లేకుండా ఉండుడు. దళిత సౌందర్యశాస్త్రం గురించి ముప్పయ్యేళ్లుగా కవిత్వంలో మాట్లాడుకుంటున్నాం. ఆ చర్చ కవిత్వం దాటి నేల మీదికి కూడా రావాలి.

ఇంతకూ స్థానిక మొక్కలంటే ఏవి? నర్సరీ కేటలాగులో వెతకనక్కర లేదు. గలిజేరు వేరు లావుగా లోతుకు దిగుతది, పైన ఎండినా వాన చుక్క పడితే మళ్లీ లేస్తది. గంగవాయిలి ఆకులో, కాడలో నీళ్లు దాచుకుంటది. విష్ణుక్రాంత రాతి నేలలో కూడా నేలకు కరుచుకొని నీలం పూలు పూస్తది. బొక్కెనాకు కణుపు కణుపుకు వేరు దించి చాపలాగ అల్లుకుంటది. కొన్ని ఎండ దేశాల్లో దాన్ని లానుకు బదులు పెంచుతున్నరు కూడా. వెంపలి పప్పుజాతి మొక్క, గాలిలోని నత్రజనిని నేలకు ఇస్తది, మన పెద్దలు దాన్ని పచ్చిరొట్టగా తొక్కేవాళ్లు. చల్క నేలకు ఏది సరిపోతదో, ఆదిలాబాద్ రేగడికి ఏది సరిపోతదో చెప్పగలిగింది ఆ నేలల్లో ఒంగి పనిచేసిన ఆడవాళ్లు. జహీరాబాద్ ప్రాంతంలో 1980ల నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు, అందులో ఎక్కువ మంది దళిత స్త్రీలు, సాగు చేయని ఆకుకూరల జ్ఞానాన్ని లోకం ముందు పెట్టారు. లోకం కలుపు అన్నదాన్ని వాళ్లు తిండి అన్నారు. ఇది చిన్న విమర్శ కాదు. వ్యవసాయ శాస్త్రానికి పెట్టిన పెద్ద ప్రశ్న.

గునుగు సంగతి ఇంకా విచిత్రం. జొన్న చేనులో గునుగు మొలిస్తే పీకి గట్టు మీద వేస్తరు. బతుకమ్మ తొమ్మిది రోజులు అదే గునుగు తంగేడు పక్కన తాంబాళంలో దేవత అయితది. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పమైంది. కానీ ఆ పూలు పూసే బంజర్లు, గుట్టబోర్లు ప్లాట్లయినయి, క్వారీలయినయి. పువ్వుకు రాజముద్ర వేసి, పువ్వు పూసే నేలను అమ్ముకున్నరు. చాలా ఊర్లలో దళిత ఆడవాళ్ల బతుకమ్మ ఇవ్వాళ్టికీ వేరేగానే ఆడుతరన్నది కూడా ఇక్కడే గుర్తు పెట్టుకోవాలి. పువ్వు కలిసింది, మనుషులు కలవలేదు.

అయితే 'స్థానికం' అన్న మాట దగ్గర మనం జాగ్రత్తగా ఉండాలి. స్వచ్ఛమైన పుట్టుక ఉన్నదే గొప్పది అనే వాదం ఎక్కడికి తీసుకుపోతదో మనకు బాగా తెలుసు. సర్కారు తుమ్మ అమెరికా ఖండం నుంచి వచ్చింది, కానీ ఎన్నో ఏళ్లు పేదోళ్ల పొయ్యి మండింది దాంతోనే. వయ్యారిభామ కూడా అక్కడి నుంచే వచ్చింది, కానీ దాన్ని పీకిన కూలీ చేతులకు దురద, దద్దుర్లు వస్తయి. రెండూ బయటి నుంచి వచ్చినవే, రెండింటి లెక్క ఒకటి కాదు. ఇక లాను అమ్మేవాళ్లు బెర్ముడా గడ్డి అని ఇంగ్లీషు పేరుతో అమ్మేది మన గరికనే. చేను గట్టు మీద ఉంటే బర్రెకు మేత, వినాయకుడికి పూజ. బంగ్లా ముందు ఉంటే కంచె లోపలి ఆస్తి. గడ్డి అదే, సంబంధం వేరు. కాబట్టి మన కొలమానం మొక్క పుట్టిన ఊరు కాకూడదు. అది ఎవరి నీళ్లు తాగుతున్నది, ఎవరి శ్రమ తింటున్నది, ఎవరికి అక్కరకొస్తున్నది, ఇదే కొలమానం కావాలి.

బయటి దేశాల అనుభవం కూడా ఈ విషయంలో పనికొస్తది. నీళ్లు తక్కువ తాగే తోటలకు 1981లోనే డెన్వర్ నీటి సంస్థ ఒక ప్రత్యేకమైన పేరు పెట్టింది. కాలిఫోర్నియాలో కరువు ముదిరినప్పుడు, 2015 ఏప్రిల్ 1న అక్కడి గవర్నర్ 5 కోట్ల చదరపు అడుగుల లాన్లను తీసి కరువుకు తట్టుకునే మొక్కలు పెట్టించాలని ఆదేశించాడు. 2021లో నెవాడా రాష్ట్రం లాస్ వేగాస్ ప్రాంతంలో ఎవరూ వాడని అలంకారపు గడ్డిని 2026 చివరికల్లా తొలగించాలని చట్టమే చేసింది. అంటే లాను సహజం కాదు, చట్టంతో తీసేయగలిగిన అలవాటు మాత్రమే అని లానును అందరికంటే ఎక్కువ ప్రేమించిన దేశమే ఒప్పుకుంది. కానీ అక్కడ లాను పోయినప్పుడు ఇంటి యజమానికి రాయితీ వచ్చింది. ఆ గడ్డి కోసి బతికిన వలస కూలీల గురించి ఆ ఆదేశాల్లో పెద్దగా మాట లేదు. మనం నేర్చుకోవాల్సింది ఈ రెండూ.

ఇక్కడే మన మిత్రులు కొందరు న్యాయమైన ప్రశ్న వేస్తున్నరు. లాను తీసేస్తే కలుపు తీసే ఆడవాళ్ల కూలీ ఏమైతది అని. ఇది పక్కన పెట్టే ప్రశ్న కాదు. పత్తి చేలలో ఏమైందో చూసినం. ఆదిలాబాద్ పత్తి జిల్లా. గడ్డి మందు వచ్చినంక కలుపు కూలీ తగ్గింది, కలుపుతో పాటు కూరాకు పోయింది. ఒక్క డబ్బా మందుతో ఆడవాళ్ల కూలీ, కూర రెండూ పోయినయి. 2018లో రాష్ట్ర ప్రభుత్వం గ్లైఫోసేట్ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టింది గానీ, ఆ చర్చలో కూడా పంట గురించి మాట్లాడినంత కూలీ గురించి మాట్లాడలేదు. కాబట్టి నీళ్లు మిగిల్చే పేరుతో మనుషులను తీసేసే మార్పు మనకు వద్దు. ఇంకో సందేహం: నేల మొక్కలు గుబురైతే పురుగూ బూసీ చేరుతయి, కాటు పడేది మళ్లీ పనిచేసే ఆడమనిషికే. ఇది కూడా నిజమే. అందుకే ఎక్కడ పొట్టి మొక్క, ఎక్కడ ఖాళీ బాట అన్నది ఏసీ గదిలో కూర్చొని తేల్చేది కాదు, అక్కడ చేయి పెట్టేవాళ్లు తేల్చాల్సింది.

అసలు నేలకు కప్పు కావాల్సింది ఎక్కడ? రామగుండం ఎన్‌టీపీసీ బూడిద కుందనపల్లి చెరువుకు పోతది. ఎండాకాలం గాలి లేస్తే ఆ బూడిద చుట్టూ ఉన్న ఇండ్ల మీద, అన్నం గిన్నెల మీద పడుతది. సింగరేణి ఓపెన్‌కాస్టులు తవ్విపోసిన మట్టి గుట్టలు ఊళ్ల పక్కనే లేచి ఉన్నయి. మొండి నేలను పట్టి ఉంచే మొక్కల అవసరం అక్కడ ఉంది, బంగ్లా ముందు కాదు. పచ్చదనాన్ని ధనికుడి కిటికీ ముందు పెట్టి, బూడిదను పేదోడి వాకిట్లో పెట్టిన అభివృద్ధి ఇది. ఈ పంపకాన్ని ముట్టకుండా గడ్డి బదులు గలిజేరు పెడితే, అది కొత్త ఫ్యాషనే తప్ప మార్పు కాదు.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ఒకటి, ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థలు తమ లాన్ల విస్తీర్ణాన్ని, వాటికి పోస్తున్న నీళ్ల లెక్కను బయటపెట్టాలి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది, విద్యార్థులు అడగాలి. రెండు, పిల్లలు ఆడుకునే చోటు తప్ప మిగతా అలంకారపు గడ్డిని దశలవారీగా తీసి, నీళ్లు తక్కువ తాగే మొక్కలు, అందులో తినే ఆకులు, మందాకులు పెట్టాలి. మూడు, ఏ మొక్క ఎక్కడ అన్నది తేల్చే కమిటీలో కలుపు తీసే ఆడవాళ్లు ఉండాలి, సలహాకు కూడా కూలీ కట్టాలి, ఒక్క మనిషిని కూడా పని నుంచి తీయకూడదు, కోసిన కూరాకు మీద మొదటి హక్కు వాళ్లదే కావాలి. నాలుగు, బూడిద చెరువులకు, మట్టి గుట్టలకు కప్పు వేయడం ముందు జరగాలి. ఐదు, ఊరి గైరాన్లు, బంజర్లు పార్కుల పేరుతో కంచెలోకి పోకుండా ఆపాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మాట. వృక్షశాస్త్రం పాఠంలో కలుపు మొక్కల పట్టిక ఉంటది. పిల్లలను అడగండి, ఇందులో మీ ఇంట్లో కూర వండేవి ఎన్ని అని. ఏ వాడ పిల్లలు ఎక్కువ చేతులెత్తుతారో లెక్కపెట్టండి. ఈ దేశంలో జ్ఞానం ఏ వాడలో ఉందో, సర్టిఫికెట్ ఏ వాడలో ఉందో ఆ లెక్కే చెప్తది. గడ్డి మీద నడవరాదన్న బోర్డును పీకడం అక్కడి నుంచి మొదలైతది.